2021లో కేరళలో కరోనా కేసులు ఎందుకు తగ్గలేదు?

కరోనా రెండో అల 2021 జూన్ నాటికి చాలా రాష్ట్రాల్లో తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఏడాది కరోనా కట్టడికి ప్రశంసలందుకున్న కేరళలో మాత్రం కేసులు తగ్గలేదెందుకన్నది ప్రశ్న. దీన్ని వైఫల్యంగా చూడటం అన్యాయమని నా అభిప్రాయం.

ఆ జూన్-జూలైలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రక్త నమూనాలతో జరిపిన నాలుగో సీరో సర్వేలో మధ్యప్రదేశ్‌లో 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 శాతం మందిలో యాంటీబాడీలు (వైరస్ సోకినా, టీకా వేసుకున్నా శరీరంలో తయారయ్యే రక్షక ప్రొటీన్లు) కనిపించాయి. కేరళలో 44.4 శాతం మందిలోనే! అంటే మొదట్లో వైరస్‌ను గట్టిగా అడ్డుకున్నందువల్లే అక్కడ దాని బారిన పడని వారు ఎక్కువగా మిగిలారు. వేగంగా వ్యాపించే డెల్టా రకం వచ్చాక వారికే సోకింది. పైగా కేరళ విస్తృతంగా పరీక్షలు చేసింది కాబట్టి సోకిన కేసులు లెక్కలోకి వచ్చాయి.

ఆంక్షలూ అంతటా ఒకేలా లేవు. కేరళ మే 8న లాక్‌డౌన్ పెట్టింది. తెలంగాణ మే 12 నుంచి లాక్‌డౌన్ పెట్టి, ఉదయం 6-10 మధ్య మాత్రమే సడలించింది. ఆంధ్రప్రదేశ్ మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ విధించింది. లాక్‌డౌన్ వ్యాప్తిని నెమ్మదింపజేస్తుంది, పడకలకూ టీకాలకూ వ్యవధినిస్తుంది. అంతేగాని వైరస్‌ను తుడిచిపెట్టదు.

మరణాలను పోల్చేవారు, దేశంలో వృద్ధుల శాతం అత్యధికంగా ఉన్నది కేరళలోనేనన్న సంగతినీ లెక్కలోకి తీసుకోవాలి.