ముందు నీ మొహం సంగతి చూసుకో

అమ్మలూ,

ఉద్యోగం మానేసి, స్కూళ్లు తిరిగి పిల్లలకీ తల్లిదండ్రులకీ ఇంటర్నెట్ జాగ్రత్తలు చెప్పే పని పెట్టుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతు నిండా కంగారు. నాకేమో ముందు గర్వం వేసింది, ఫోన్ పెట్టేశాక నాకూ కంగారు పట్టుకుంది. 30 ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, చివర్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినదాన్ని. చివరిదాకా విను, మధ్యలో అందుకోకు.

నువ్వు పంపిన స్లైడ్లు చూశాను. 42 ఉన్నాయి! పాస్‌వర్డులు, రెండంచెల వెరిఫికేషన్, ప్రైవసీ సెట్టింగులు, లొకేషన్ ఆపెయ్యడం, అన్నీ అవసరమే. ఒక కాగితం మీద అచ్చేసి పంచెయ్. 13 ఏళ్ల నిబంధన దగ్గర మాత్రం ఆగు. 13 నిండితే యాప్ వాడుకోవచ్చు కదా, ఇక భయం లేదు కదా అని తల్లులు అడుగుతారు. ఆ అంకె పిల్లల మనసు కొలిచి పెట్టింది కాదు. 13 ఏళ్ల లోపు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించకూడదని 1998లో అమెరికా చట్టం చేసింది. ఆ తలనొప్పి మనకెందుకని కంపెనీలు అక్కడ గీత గీసుకున్నాయి. 14 ఏళ్ల పిల్లకి అదేం రక్ష కాదు.

హెడ్మాస్టర్లు నిన్ను ముందుగా అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ వేయించమంటారు?" అని. చెడ్డ సైట్లని ఆపే ఫిల్టరు కొనేస్తే పనైపోయినట్టే వాళ్లకి. స్కూలు వైఫైకి వేసిన ఫిల్టరు పిల్లాడి ఫోన్‌లో ఉన్న సొంత మొబైల్ డేటాని ఆపలేదు. ఆ మాట చెప్పి, వాళ్ల స్కూలు పేజీ తెరిపించు. బహుమతి పట్టుకున్న పిల్ల, మెడలో ఐడీ కార్డు, కింద పూర్తి పేరు, తరగతి, సెక్షను. ఎవడూ దొంగిలించనక్కర్లేదు, మనమే చేతికందిస్తున్నాం. నేనూ పెట్టించాను అలాంటివి, ముచ్చటపడి.

ఇక అసలు సంగతి. మీ నాన్నకి కూడా చెప్పలేదు ఇది.

ఒక మధ్యాహ్నం బెల్లు కొట్టి అందరూ క్లాసుల్లోకి పోయాక, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి నా గదిలోకి వచ్చింది. బ్యాగు జిప్పు తెరుస్తోంది, మూస్తోంది, మళ్లీ తెరుస్తోంది. నేను హాజరు లెక్కలు చూసుకుంటూ తలెత్తకుండానే "ఏంటి?" అన్నాను. ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. ఆన్‌లైన్ ఆటలో ఎవరో పరిచయమయ్యారు, తన వయసు అమ్మాయినే అని చెప్పుకున్నారు. ఆటలోంచి వేరే చాట్‌లోకి రమ్మన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ముందు ఒక ఫోటో పంపి, ఈ పిల్లది అడిగారు. పంపిన గంటకల్లా భాష మారిపోయింది. ఇంకోటి పంపకపోతే దీన్ని నీ క్లాసు వాళ్లందరికీ పంపుతా అని.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "అసలెందుకు పంపావే?"

జిప్పు చప్పుడు ఆగిపోయింది.

తర్వాత చేసినవన్నీ తప్పులే, వరసగా. మంచి చేస్తున్నాననుకుని ఆ చాటంతా నా చేత్తోనే తుడిచేశాను. ఖాతా బ్లాక్ చేయించాను. తల్లినీ తండ్రినీ పిలిపించి, పిల్లని ఎదురుగా నిలబెట్టి, ఇద్దరు టీచర్ల ముందు మొత్తం చెప్పాను. తండ్రి ఫోన్ లాక్కున్నాడు. రెండ్రోజుల్లో ఆ ఫోటో ముగ్గురు క్లాస్‌మేట్లకి చేరింది. పోలీసులు ఖాతా పేరు అడిగితే మా దగ్గర లేదు. ఎప్పుడు ఏం రాశాడో లేదు. ఉన్న ఆధారం నా వేలితోనే పోయింది. ఆ పిల్ల స్కూలు మారిపోయింది.

మరుసటి ఏడాది పదో తరగతి అబ్బాయి ఒకడు ఇలాంటి బెదిరింపులే నాలుగు నెలలు భరించాడు, ఈసారి డబ్బు కోసం. ఇచ్చినకొద్దీ అడిగారు. ఇంట్లో డబ్బు మాయమవుతుంటే బయటపడింది. (తల్లులు ఆడపిల్లల గురించే అడుగుతారు నిన్ను. డబ్బు గుంజేవాళ్లకి ఎక్కువగా చిక్కేది మగపిల్లలే, అది గట్టిగా చెప్పు.) "నా దగ్గరికి ఎందుకు రాలేదురా?" అన్నాను. నేల చూస్తూ, "ఆ అమ్మాయిని అందరి ముందూ నిలబెట్టారు కదా మేడమ్" అన్నాడు.

అందుకే టీచర్లకీ తల్లులకీ ఆ మొదటి నిమిషం నేర్పు. కళ్లు పెద్దవి చేయకుండా "చెప్పి మంచి పని చేశావు, నేనున్నాను" అనడం. వినడానికి తేలికే, సమయానికి నోటికి రాదు. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి పలికించు, సిగ్గుపడినా సరే. మిగతావి ఆ తర్వాత. జవాబివ్వడం ఆపాలి. డబ్బు పంపకూడదు. ఏదీ తుడపకూడదు. ఖాతా పేరు, లింకు, బెదిరించిన మాటలు టైముతో సహా దాచాలి. ఆ ఫోటోని మాత్రం ఎవరూ కాపీ తీయకూడదు, "చూడండి ఏం జరిగిందో" అని టీచర్ల గ్రూపులో అసలే పెట్టకూడదు. ముందు రిపోర్టు కొట్టి, ఆ తర్వాత బ్లాక్ చేయాలి.

ఇలాంటి ఫోటోలు నెట్‌లోంచి తీయించే టేక్ ఇట్ డౌన్ అనే సేవ నీ స్లైడ్లలో ఎందుకు లేదు? తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కోసం అమెరికాలో ఉన్న జాతీయ కేంద్రం నడుపుతోంది, ఉచితం. 18 నిండకముందు తీసిన నగ్న, అర్ధనగ్న ఫోటోల కోసం, ఏ దేశంవాళ్లైనా వాడుకోవచ్చు. ఫోటో ఫోన్ దాటి పోదు. దాని వేలిముద్ర లాంటి కోడ్ ఒకటి తయారై అదే వెళ్తుంది, చేరిన కంపెనీలు ఆ కోడ్‌తో పోల్చి చూసి ఫోటో కనిపిస్తే తీసేస్తాయి. చేరని యాప్‌ల్లో పనిచేయదు, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప కంపెనీ కూడా చూడలేని చాట్లలోనూ పనిచేయదు. అదీ చెప్పు, లేనిపోని ఆశ పెట్టకు.

"తప్పు చేస్తే ఫోన్ లాక్కుంటాం" అనే తండ్రులు కనిపిస్తారు. "మాతో చెప్పుకుంటే ఫోన్ లాక్కోం" అని ముందే పిల్లలకి మాటివ్వమను.

నీకు పదేళ్లప్పుడు మీ నాన్న కళ్లజోడు మీద కూర్చుని విరగ్గొట్టి, ముక్కలు గౌను జేబులో వేసుకుని నా దగ్గరకొచ్చావు, గుర్తుందా? నాకు నవ్వాగలేదు. అది చూసి ఏడుపు మానేసి ఇంకో రెండు నేరాలు కూడా ఒప్పుకున్నావు, దొంగపిల్లా. మేనకోడలివి కాబట్టి నీకు నవ్వు దొరికింది. ఆ పిల్లకి దొరకలేదు.

నీతో గొడవేంటంటే, ఎదుటివాళ్లు మొదలుపెట్టగానే నీకు జవాబు తెలిసిపోతుంది, అందుకుంటావు. పిల్లలు అసలు విషయం అంత తొందరగా చెప్పరు. "మా ఫ్రెండుకి ఒకటి జరిగింది మేడమ్" అంటారు. ఏ ఫ్రెండు అని అడక్కు.

మీటింగు అవగానే సర్దుకుని బయల్దేరకు. మైకు చుట్టూ మూగేవాళ్లవి సందేహాలు. చెప్పుకోవాల్సింది ఉన్నవాళ్లు వరండా చివర బ్యాగు సర్దుకుంటున్నట్టు నిలబడతారు. ఒక గంట ఉండు. గదికి తాళం వేసే మనిషితో ముందే మాట్లాడి పెట్టుకో. ఇంటికి చేరాక ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా.

మీ అత్త