మంచు పడగానే ట్రిప్ అవుతోందా? ఆ స్విచ్‌ను మాత్రం తీయించకండి

డిసెంబరు వచ్చిందంటే ఫోన్ల ప్రశ్నలు తగ్గి లైట్ల ప్రశ్నలు పెరుగుతాయి. ఈ వారం ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం పాఠకులు అడిగినవి తీసుకున్నాను. మొదటిది ప్రాణానికి సంబంధించిన సంగతి కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది పాతపట్నం. పెళ్లయి పర్లాకిమిడి వచ్చి ఏడాదైంది. క్రిస్మస్‌కని మేడ పిట్టగోడ చుట్టూ సీరియల్ సెట్లు కట్టాం. సాయంత్రం బాగానే వెలుగుతాయి. రాత్రి మంచు పడ్డాక ఇల్లంతా కరెంటు పోతోంది. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పాడైందనీ, దాన్ని తీసేసి డైరెక్ట్ ఇస్తాననీ మిస్త్రీ అంటున్నాడు. సరే అనమంటారా?

జవాబు: వద్దమ్మా, ఒప్పుకోకండి. సాయంత్రం బాగానే ఉండి మంచు పడ్డాకే ట్రిప్ అవుతోందంటే, తడిసిన గోడలోకి కరెంటు లీక్ అవుతోందని అనుమానించాలి. మీ ఆర్‌సీసీబీ చేయాల్సిన పనే చేస్తోంది.

ఫేజ్ వైరులో ఎంత కరెంటు వెళ్లింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగొచ్చింది అని అది ఎప్పుడూ సరిచూస్తుంటుంది. తేడా వచ్చిందంటే, ఆ కాస్తా గోడలోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో పోతోందని అర్థం. ఇళ్లలో సాధారణంగా పెట్టేవి ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి రెప్పపాటులో కరెంటు ఆపేస్తాయి. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు వాడుకునే కరెంటు కూడా అంతకంటే ఎక్కువే. పక్కనుండే ఎంసీబీ ఈ పని చేయలేదు. అది వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది గానీ, మనిషికి షాక్ కొడుతున్నా దానికి తెలియదు. మీ మిస్త్రీ తీసేస్తానంటున్నది మీ ఇంట్లో మనుషుల్ని కాపాడుతున్న స్విచ్‌ని.

అంత చిన్న బల్బులు ఏం చేస్తాయిలే అనుకుంటాం. బజారులో దొరికే చవక సెట్లలో చాలావాటికి వోల్టేజీ తగ్గించే అడాప్టరు ఉండదు. ఇంటికొచ్చే 230 వోల్టులనే బల్బులన్నీ వరుసగా పంచుకుంటాయి. ఆ సన్నటి వైరు మీద తొడుగు ఎక్కడ ఊడినా అక్కడున్నది మెయిన్ కరెంటే. ఒక బల్బు పోయి సెట్ మొత్తం ఆరిపోయినా ఫేజ్ వైపు ముక్కలో కరెంటు ఉండొచ్చు. వెలగని సెట్టే కదా అని చెయ్యి పెట్టి షాక్ తినేది ఇందుకే. ప్లగ్ పీకిన తర్వాతే ముట్టుకోండి.

ముందు సెట్లన్నీ పీకేసి ఆర్‌సీసీబీ ఆన్ చేయండి. పగలు పొడిగా ఉన్నప్పుడు తప్పు దొరకదు, రాత్రే చూడాలి. ఇంటి లోపలున్న సాకెట్ నుంచి, పొడి చేతులతో, ఒక్కో సెట్ పెట్టి చూడండి. ఏది పెడితే ట్రిప్ అయిందో దాన్ని టేపు చుట్టి మళ్లీ కట్టకుండా పారేయండి. అన్నీ తీసేసినా ట్రిప్ అవుతుంటే వైరింగ్ చూపించండి. ఆర్‌సీసీబీ నిజంగానే పోయిందని తేలితే కొత్తది వేయించండి. మేడ మీదకైతే ఐపీ65 (దుమ్ము, నీళ్లు లోపలికి పోవని గుర్తు) అని రాసి ఉండి అడాప్టరుతో నడిచే సెట్ తీసుకుని, అడాప్టరును ఇంటి లోపలే ఉంచండి. అప్పుడు తడి గోడ మీదకు 230 వోల్టులు వెళ్లవు.

మిస్త్రీతో ఒడియాలో చెప్పడం కష్టమైతే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2020 నుంచి ఒడియా ఉంది. 'ఆర్‌సీసీబీ తీయవద్దు, లీక్ ఎక్కడో చూడండి' అని తెలుగులో టైప్ చేసి, ఒడియాలో వచ్చింది ఆయనకు చూపించండి.

ప్రశ్న: మేం రాయగడలో ఉంటాం. విశాఖలో ఉద్యోగం చేసే మా అబ్బాయి 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ పంపాడు. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి క్రిస్మస్ చెట్టు లైట్లు, స్టారు, చలికి రూమ్ హీటరు అన్నీ నడపొచ్చా? 24 రాత్రి చర్చికి వెళ్తూ ఫోన్‌లో ఆఫ్ చేస్తే సరిపోతుందా?

జవాబు: లైట్లు, స్టారు వరకు హాయిగా వాడుకోండి. హీటరు మాత్రం వద్దండీ. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద 6 ఆంపియర్లు అని ఉంటే అది మోయగలిగేది సుమారు 1,380 వాట్లు. 2,000 వాట్ల హీటరు ఒక్కటే దాన్ని దాటేస్తుంది. దాన్ని గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌కే నేరుగా పెట్టండి. ఇంకో సంగతి, హీటరును ఎక్కడో కూర్చుని ఫోన్‌లో ఆన్ చేసే ఏర్పాటు అసలే వద్దు. ఆ సమయానికి దాని మీద ఎవరైనా తడి బట్టలు ఆరేసి ఉంటే మీకు కనిపించదు కదా.

ఫోన్‌లో ఆఫ్ చేస్తే లైట్లు ఆరుతాయి, నిజమే. కానీ చాలా స్మార్ట్ ప్లగ్‌లు లోపల ఒక్క వైరునే తెంచుతాయి. మీ సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే లైట్లు ఆరినా వైరులో కరెంటు ఉంటుంది. అందుకని చర్చికి బయల్దేరేటప్పుడు గోడ స్విచ్ కట్టేసి, ప్లగ్ కూడా పీకేసి వెళ్లండి. రోజూ సాయంత్రం 6 నుంచి 10 వరకు వెలిగేలా యాప్‌లో షెడ్యూల్ పెట్టుకుంటే మాత్రం ఆ ప్లగ్ బాగా పనికొస్తుంది.

ప్రశ్న: గుణుపురంలో మాది డాబా ఇల్లు. కాగితం స్టారులో పాత 60 వాట్ల బల్బు వాడొచ్చా? క్రిస్మస్‌కు బొమ్మలతో కట్టిన పశువుల పాకలో కొవ్వొత్తి పెట్టమని పిల్లలు గొడవ. స్టారును ఇనుప గొట్టానికి కట్టి డాబా మీద నిలబెట్టాలని ఉంది.

జవాబు: 60 వాట్ల బల్బు వద్దు. అది తీసుకునే కరెంటులో చాలా భాగం వేడిగానే మారుతుంది. మా ఇంట్లో ఒక ఏడాది అలాగే పెడితే కాగితం గోధుమ రంగుకు తిరిగి కమురు వాసన వచ్చింది. అదృష్టం కొద్దీ ఇంట్లోనే ఉన్నాం. 5 వాట్ల ఎల్ఈడీ చాలు, కాగితానికి తగలకుండా మధ్యలో వేలాడాలి.

పాకలో గడ్డి, దూది, థర్మోకోల్ ఉంటాయి కాబట్టి మంట వద్దు. బ్యాటరీ కొవ్వొత్తి కొనండి, కానీ దాని మూతకు స్క్రూ ఉందో లేదో చూసుకోండి. అందులో ఉండే బటన్ సెల్‌ను చంటిపిల్లలు మింగితే 2 గంటల్లోనే గొంతు లోపల కాలిపోయి తీవ్రమైన గాయం కావచ్చు. మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇనుప గొట్టం ఆలోచన మానుకోండి. నిలబెట్టేటప్పుడు అది ఒరిగి పక్కనున్న కరెంటు తీగకు తగిలిందంటే పట్టుకున్నవాళ్లకు తప్పించుకునే వ్యవధి ఉండదు. మంచుకు తడిసిన వెదురునూ నమ్మకండి. మీ డాబా దగ్గరగా తీగలు పోతుంటే స్టారును వరండాలో, వీధిలోంచి కనిపించే చోట కట్టండి.