సంపూర్ణ సూర్యగ్రహణం: అద్దాలు ఎప్పుడు తీయాలి, మళ్లీ ఎప్పుడు పెట్టుకోవాలి?

ప్రశ్న: నా వయసు 58. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి పదేళ్ల మనవడిని తీసుకుని వెళ్తున్నాను. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయినప్పుడు అద్దాలు తీసి చూడొచ్చని కొందరు, అస్సలు తీయొద్దని కొందరు అంటున్నారు. ఏది సరైనది? నా కళ్లకు వేరే జాగ్రత్తలేమైనా కావాలా?

జవాబు: తీసి చూడొచ్చు. తీయకపోతే అంత దూరం వెళ్లీ అసలైనది చూడనట్టే. చంద్రుడు సూర్యబింబాన్ని మొత్తం కప్పేశాక చుట్టూ తెల్లగా విచ్చుకునే కరోనా ఇంచుమించు పున్నమి చంద్రుడంత వెలుగే ఇస్తుంది. దానివల్ల కంటికి హాని లేదు, గ్రహణం అద్దాల్లోంచి అది కనిపించదు కూడా. ప్రమాదమంతా ఆ దశకు కాస్త ముందు, కాస్త తర్వాత.

సూర్యుడు 99 శాతం మూసుకుపోయినా, మిగిలిన ఆ ఒక్క శాతం పున్నమి వెన్నెల కంటే దాదాపు 4,000 రెట్లు ఎక్కువ. చుట్టూ మసకబారడంతో కళ్లు చికిలించాలని అనిపించదు, పైగా కంటిపాప పెద్దదవుతుంది. ఆ వెలుగు నేరుగా మాక్యులా మీద, అంటే కంటి వెనక తెర (రెటీనా) నడిమి భాగం మీద పడుతుంది. మనం చదివేదీ, ముఖాలు గుర్తుపట్టేదీ దానితోనే. అక్కడి కణాలు కాలిపోవడం కంటే, కాంతి రేపే రసాయన చర్యలతో దెబ్బతినడమే ఎక్కువ. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి ఆ క్షణంలో ఏ హెచ్చరికా అందదు.

ముందుగా, మీరు వెళ్లే చోటు సంపూర్ణ గ్రహణ మార్గంలోనే, అంటే సూర్యుడు పూర్తిగా మూసుకుపోయి కనిపించే సన్నటి పట్టీలోనే ఉందో లేదో సరిచూసుకోండి. మార్గానికి బయట ఒక్క క్షణం కూడా అద్దాలు తీయకూడదు. సూర్యుడి అంచు ఉంగరంలా మిగిలిపోయే వలయాకార గ్రహణానికీ ఇదే మాట. తర్వాత, అక్కడ పూర్తి చీకటి ఎంతసేపు ఉంటుందో రాసిపెట్టుకోండి. 2027 ఆగస్టు 2 నాటి గ్రహణంలో ఈజిప్టులోని లక్సర్ దగ్గర 6 నిమిషాలకు పైగా ఉంటుంది, మార్గం అంచుల్లో అయితే కొన్ని సెకన్లే. ముగియడానికి 20 సెకన్ల ముందు మోగేలా ఫోన్లో అలారం పెట్టండి. ఆ దృశ్యం ముందు సమయం ఎవరికీ గుర్తుండదు.

అద్దాల్లోంచి చూస్తుంటే నెలవంక సన్నబడి, తెగి, పూసల్లా మిగులుతుంది. చివరి పూస కూడా ఆరిపోయి అద్దాల్లో ఏమీ కనిపించనప్పుడే తీయండి. చివరి పూస ఉంగరంలో రాయిలా మెరిసే డైమండ్ రింగ్ కోసం ముందే తీస్తే కళ్లు దెబ్బతినొచ్చు. మొదట్లో చంద్రుడు ఏ వైపు నుంచి కొరకడం మొదలుపెట్టాడో, వెలుగు తిరిగొచ్చేదీ సూర్యుడి అదే అంచు నుంచి. ఆ వైపు గులాబీ రంగు గీత చిక్కబడుతోందంటే చూపు దించి అద్దాలు పెట్టుకోండి. మెరుపు వచ్చేదాకా ఆగొద్దు.

అద్దాల మీద ఐఎస్ఓ 12312-2 అని ఉండాలి. సూర్యుడిని నేరుగా చూసే అద్దాలకు ఇది అంతర్జాతీయ ప్రమాణం. అయితే ఆ ముద్ర ఎవరైనా వేసుకోవచ్చు, అందుకే పేరున్న తయారీదారు దగ్గరే కొనండి. పెట్టుకుని చూస్తే ఇంట్లో మామూలు లైట్లు, సామాన్లు ఏవీ కనిపించకూడదు. బలమైన దీపానికి ఎదురుగా పట్టినప్పుడు సూదిమొనంత రంధ్రం కనిపించినా పారేయండి. ఎక్స్‌రే ఫిల్మ్, సీడీ, మసి పట్టించిన గాజు, చలువ కళ్లద్దాలు ఏవీ పనికిరావు. గ్రహణం అద్దాలు పెట్టుకుని బైనాక్యులర్స్‌లోంచి మాత్రం చూడొద్దు. కేంద్రీకృతమైన వేడి ఫిల్టర్‌ను క్షణాల్లో కాల్చేస్తుంది. ఫిల్టర్ ఉండాల్సింది బైనాక్యులర్స్ ముందు వైపు, సూర్యుడికి ఎదురుగా.

ఇక మీ కళ్ల సంగతి. ఆపరేషన్లో పెట్టిన లెన్స్ అతినీలలోహిత కిరణాలను ఆపేదే అయినా, సూర్యుడిని నేరుగా చూడటానికి అది రక్షణ కాదు. మంచి అద్దాలుంటే మీకు వేరే ఏర్పాటు అక్కర్లేదు. కంటిపాప పెద్దది చేసే చుక్కల పరీక్ష మాత్రం ఆ రోజుకు పెట్టుకోకండి. డాక్సీసైక్లిన్ లాంటి, కాంతికి సున్నితత్వం పెంచే మందులు వాడుతుంటే మీ డాక్టరుకు చెప్పండి.

నాకు ఎక్కువ దిగులు మీ మనవడి గురించే. పిల్లల కంటి లెన్స్ చాలా స్వచ్ఛంగా ఉండటంతో హానికర కాంతి ఎక్కువగా లోపలికి వెళ్తుంది, అట్ట అద్దాలేమో వాళ్ల ముక్కు మీద నిలవవు. పేపర్ ప్లేటుకు కళ్ల దగ్గర కోత పెట్టి, అద్దాలను వెలుగు దూరకుండా టేపుతో దానికి అతికిస్తే ముఖమంతా కప్పుకుంటుంది. "తీయి", "పెట్టు" అనే రెండు మాటలు మీరే చెప్పాలి. ముందు రోజు రెండు మూడుసార్లు అలవాటు చేయించండి.

మర్నాడు పొద్దున ఒక్కో కన్ను మూసి ఇద్దరూ గళ్ల కాగితం చూడండి. నడుమ మచ్చ, గీతలు వంకరపోవడం, మసక, రంగులు వెలవెలబోవడం ఉంటే అదే రోజు కంటి డాక్టరును కలవండి. రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్‌లో దెబ్బ ఎక్కడుందో తెలుస్తుంది. దీన్ని నయం చేస్తుందని రుజువైన మందు లేదు. చాలామందికి కొన్ని వారాల నుంచి ఆరు నెలల్లో చూపు చాలావరకు కోలుకుంటుంది, కొందరికి మచ్చ అలాగే ఉండిపోతుంది. ఈలోగా సొంతంగా చుక్కల మందులు వేసుకోవద్దు.