42,000 అప్‌గ్రేడ్ లిస్టు: ముందు ఏది కొనాలి, ఏది ఆపాలి?

ప్రశ్న: నా వయసు 32. మియాపూర్‌లో అద్దెకు ఉంటున్నాం. నేను, భార్య, మూడేళ్ల పాప. చేతికొచ్చే జీతం 78,000. అద్దె, ఇంటి ఖర్చు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది కలిపి 52,000 అవుతుంది. సిప్ 8,000. సేవింగ్స్‌లో 90,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 23,000 బాకీ ఉంది, మినిమమ్ కడుతున్నాను. పోయిన దసరాకు ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4 రిమోట్ క్రాలర్ (రాళ్ల మీద ఎక్కించే రిమోట్ బొమ్మ బండి) 55,000 పెట్టి కొన్నాను. ఆదివారాలు ఖాజాగూడ గుట్టల దగ్గర నడుపుతాం. మిగతావాళ్ల బండ్లకు ఇత్తడి, అల్యూమినియం పార్టులు ఉన్నాయి. నాది మాత్రం డబ్బాలోంచి తీసినట్టే ఉంది. రాళ్ల మధ్య ఇరుక్కుంటే ముందు చక్రాలు పక్కకు తిరగట్లేదు. సర్వో (ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటార్) 6,500, చక్రాల దగ్గరి గేర్ల మీద వేసే ఇత్తడి పోర్టల్ కవర్లు 7,000, రిమ్ములు, టైర్లు 9,000, బ్రష్‌లెస్ మోటార్, దాని వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ కలిపి 14,000, యాక్సిళ్లను ఛాసిస్‌కు కలిపే అల్యూమినియం లింకులు 5,500. మొత్తం 42,000 ఆరు నెలల నో-కాస్ట్ ఈఎంఐలో తీసుకోవచ్చా? విదేశీ సైట్లో తెప్పిస్తే చౌక అవుతుందా? ఆ ఆరు నెలలు సిప్ ఆపేస్తే ఎలా ఉంటుంది?

జవాబు: ముందు కార్డు సంగతి. మినిమమ్ కడుతూ వెళ్తున్నారు కాబట్టి, నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 23,000 మీద 805 రూపాయలు పడుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే నెలకు దాదాపు 950 వడ్డీకే పోతోంది. పాత బాకీ ఉన్నంతకాలం కార్డుతో కొత్తగా ఏం కొన్నా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. పాలప్యాకెట్ కొన్నా అంతే. మీ సేవింగ్స్ ఖాతా ఏడాదికి మూడు శాతం ఇస్తే గొప్ప. కార్డు ఏడాదికి 42 శాతం తీసుకుంటోంది. అందుకే ఈ వారంలోనే సేవింగ్స్ నుంచి 23,000 తీసి బాకీ మొత్తం కట్టేయండి. ఇంకా 67,000 మిగులుతాయి.

నో-కాస్ట్ ఈఎంఐలో వడ్డీ మాయం కాదు. దానికి సమానమైన డిస్కౌంట్ ఇచ్చి సరిచేస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ మాత్రం మీదే, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉంటుంది. నెలకు 7,000 వాయిదా వచ్చి మీ మినిమమ్ డ్యూలో కలుస్తుంది. ఇప్పటికే మినిమమ్‌తో నెట్టుకొస్తున్న మనిషికి అది పెద్ద టెన్షన్. ఈఎంఐ వద్దు.

ఇక బండి. నా దగ్గరికొచ్చే హాబీ ప్రశ్నల్లో ఎక్కువమంది పార్టు ధర చూస్తారు గానీ, అది తనతో పాటు ఇంకేం కొనిపిస్తుందో చూడరు. మీ లిస్టులో ఉన్న సర్వోనే తీసుకోండి. రెడీ-టు-రన్ (ఆర్‌టీఆర్, డబ్బాలోంచి తీసి నేరుగా నడిపే) బండ్లలో కంపెనీ ఖర్చు తగ్గించుకునే మొదటి చోట్లలో అదొకటి. మీరు చెప్పిన ఇబ్బంది కూడా అక్కడిదే కావచ్చు. కానీ బలమైన సర్వో ఇరుక్కున్నప్పుడు కరెంటు గట్టిగా లాగుతుంది. ఈఎస్‌సీలో ఉండే బీఈసీ (సర్వోకూ రిసీవర్‌కూ బ్యాటరీ నుంచి తగిన వోల్టేజీ ఇచ్చే భాగం) అంత ఇవ్వలేకపోతే వోల్టేజీ పడిపోయి, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ ఒక్క క్షణం ఆగి మళ్లీ లేస్తుంది, బండి గుండు మీదే చచ్చినట్టు నిలబడుతుంది. అప్పుడు విడిగా ఇంకో బీఈసీ కొంటారు. సర్వో గట్టిపడ్డాక దాని ఇరుసుకు తగిలించే ప్లాస్టిక్ హార్న్ (చిన్న చెయ్యి లాంటి ముక్క) పళ్లు అరుగుతాయి, మెటల్ హార్న్ కొంటారు. తర్వాత స్టీరింగ్ లింకు వంగుతుంది. 6,500 అనుకున్నది 9,000 దాటుతుంది. అందుకే ఏ పార్టుకైనా లిస్టులో రాసిన ధర పక్కన, దాని వెనక వచ్చేవాటి ధర కూడా రాసుకోండి.

టైర్ల సంగతీ అదే. చాలా ఆర్‌టీఆర్ బండ్లకు టైరు రిమ్ముకు జిగురుతో అతికించి వస్తుంది. లోపలి ఫోమ్ మార్చాలన్నా రిమ్ము పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి బీడ్‌లాక్ (జిగురు లేకుండా రింగు బిగించి టైరును పట్టుకునే) రిమ్ములతో సహా కొనడం మేలు. మీ 9,000లో అవి ఉన్నాయి, మంచిది. రాయి మీద పట్టు పెంచడంలో టైరు, ఫోమ్ చేసినంత పని మెరిసే అల్యూమినియం చేయదు. బరువు కింద ఉంటే బండి ఏటవాలు మీద తొందరగా పల్టీ కొట్టదన్నది నిజమే, ఇత్తడి పెట్టేది అందుకే. కానీ టీఆర్‌ఎక్స్-4కు బండి అడుగును పైకి లేపే పోర్టల్ యాక్సిల్స్ ఉన్నాయి, ముందువెనక డిఫరెన్షియళ్లు రిమోట్‌తో లాక్ అవుతాయి (అంటే రెండు వైపుల చక్రాలూ కలిసి తిరుగుతాయి), రెండు గేర్లున్నాయి. డబ్బాలోంచి తీసిన బండే గుట్ట ఎక్కడానికి చేసింది. ఇత్తడి ఎక్కువైతే ఆ బరువంతా గేర్ల మీద, మోటార్ మీద పడుతుంది. లింకులు మరీ ఆగాలి. అల్యూమినియం లింకు వంగితే వంగినట్టే ఉంటుంది. ఖాజాగూడ గ్రానైట్ మీద దాని మెరుపు రెండు ఆదివారాలు కూడా నిలవదు.

స్టాక్ పార్టు పనిచేస్తుండగా దాన్ని తీసి కొత్తది పెడితే మీరు పూర్తి ధర ఖర్చు పెట్టినట్టు. అదే పార్టు పాడైన రోజు ఎలాగూ ఏదో ఒకటి కొనాలి. అలాంటిదే మళ్లీ 2,500కి దొరికితే, 6,500 సర్వోకు మీరు అదనంగా పెట్టేది 4,000 మాత్రమే. మీ బండిలోని బ్రష్‌లున్న టైటాన్ 21 టర్న్ 550 మోటార్‌కూ ఇదే వర్తిస్తుంది. బ్రష్‌లు అరిగి అది నీరసపడినప్పుడు బ్రష్‌లెస్ గురించి మాట్లాడుకుందాం. ఇప్పుడు ఆ 14,000 దండగ. సర్వో ఒక్కదానికే మినహాయింపు, అది మీ ఆటను ఆపుతోంది.

మిగతావాటిలో కొన్ని ఊళ్లోనే చౌకగా అయిపోతాయి. ఇలాంటి బండ్లలో తరచూ కనిపించే 5×11×4 మిల్లీమీటర్ల బేరింగుకు ఎంఆర్115 అనే మామూలు నంబరుంది. హాబీ షాపు ప్యాకెట్ కొనేముందు ఆ నంబరు చెప్పి రాణిగంజ్ బేరింగ్ దుకాణాల్లో అడగండి. చక్రాల్లో వేసే ఇత్తడి రింగులను కొలతలిస్తే బాలానగర్ లేత్ షెడ్డులో తిప్పిస్తారు. ఒకటి రెండు ముక్కలకు ఇష్టపడరు, నలుగురు స్నేహితులు కలిసి వెళ్లండి. మీరు లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వాడుతుంటే అసలు ఖర్చులేని పని ఇంకొకటి: ఎక్స్‌ఎల్-5 హెచ్‌వీ ఈఎస్‌సీ మీద ఆకుపచ్చ లైటు ఉందో లేదో చూడండి. ఎరుపు అంటే, బ్యాటరీ మరీ తగ్గిపోకుండా ఆపే లో-వోల్టేజీ డిటెక్షన్ ఆఫ్‌లో ఉన్నట్టు. అలా నడిపితే లైపో అడుగంటిపోయి పాడవుతుంది. ఏ అప్‌గ్రేడ్ కన్నా ముందు ఆ బ్యాటరీ డబ్బులు మిగుల్చుకోండి.

విదేశీ సైట్ ధర చూసి మోసపోకండి. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. విడిభాగాలకు రేటు వేరుగా ఉండొచ్చు, మీ పార్సిల్‌ను ఏ శీర్షిక కింద చూస్తారన్నది అక్కడి అధికారి చేతిలో ఉంటుంది. సుంకం వస్తువు ధర మీదే పడదు, షిప్పింగ్ కలిపిన విలువ మీద పడుతుంది. ఆపైన జీఎస్టీ, కార్డు వాళ్ల ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీలో కొన్నందుకు అదనంగా తీసుకునేది). ఇవన్నీ కలిపి చూశాక కూడా ఇక్కడి షాపు కన్నా తగ్గితేనే తెప్పించండి. వారంటీ సంగతి కూడా అడగండి.

మీ ఉత్తరంలో నాకు లెక్క తేలనిది ఒకటుంది. 78,000లో 52,000 ఖర్చు, 8,000 సిప్ పోగా 18,000 మిగలాలి. అలా మిగిలే ఇంట్లో కార్డు మీద 23,000 ఎందుకు పేరుకుంది? మూడు నెలల స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని, మీ ఆవిడతో కలిసి కూర్చుని చూడండి. ఆ 18,000 నిజంగా దొరికితే 12,000 అత్యవసర నిధికి పంపండి. మూడు నెలల ఖర్చు అంటే 1,56,000. ఇప్పుడున్న 67,000 నుంచి ఎనిమిది నెలల్లో అక్కడికి చేరతారు. 3,000 బండికి, మిగిలిన 3,000 ఇంటి చిల్లర ఖర్చులకు. బండి డబ్బుకు విడిగా ఒక ఖాతా పెట్టి, యూపీఐ దానికే తగిలించండి. మూడో నెలకు 9,000 చేరతాయి, సర్వో, హార్న్ వస్తాయి. బీఈసీ అవసరమైతే నాలుగో నెలలో. టైర్లు ఆ తర్వాత మూడు నెలలకు.

తీసేసిన స్టాక్ పార్టులు మాత్రం అమ్మకండి, డబ్బాలోనే దాచండి. పెట్టిన అప్‌గ్రేడ్ల ధరంతా సెకండ్ హ్యాండ్ కొనేవాడు ఇవ్వడు. రేపు బండి అమ్మాల్సి వస్తే దాన్ని మళ్లీ స్టాక్‌గా బిగించి అమ్మండి, అప్‌గ్రేడ్లు విడిగా అమ్ముకోండి.

సిప్ ఆపొద్దు. మీరు అడిగిన ఆరు నెలలకు 48,000 అవుతుంది, మీరు రాసినదాంట్లో పెట్టుబడిగా నడుస్తున్నది ఆ ఒక్కటే. సర్వో వేశాక రిసీవర్ ఆగుతోందా లేదా రాయండి, బీఈసీ కొనాలో వద్దో అప్పుడు చూద్దాం.