డెస్క్‌లో చేరిన మేనకోడలికి

అమ్మడూ,

లోకల్ పేజీల డెస్క్‌లో చేరావని, అప్పుడే అచ్చుతప్పుల టెన్షన్ పట్టుకుందని అమ్మ చెప్పింది. ఒత్తు పోయిందనో, దీర్ఘం ఎక్కువైందనో బెంగపడకు. అవి ప్రూఫ్‌లో ఎవరో ఒకరి కంట పడతాయి. జనం కటింగులు తీసి నవ్వుకునే తప్పులు పెద్దక్షరాల్లోనే ఉంటాయి. రోజూ కనిపించేదాన్ని ఎవరూ చదవరు మరి. న్యూయార్క్ టైమ్స్ 1898 ఫిబ్రవరిలో 14,499వ సంచిక తర్వాత ఏకంగా 15,000 వేసేసింది. మొదటి పేజీలోనే ఉన్న ఆ అంకెను సరిదిద్దింది 2000 జనవరి 1న!

'కుక్క కరిచిన వ్యక్తికి చికిత్స'లో ఒక్క 'ను' అదనంగా పడిందంటే కరిచింది మనిషే అవుతాడు. ఇది నవ్వుకుని వదిలేసే రకం. అసలు చిక్కు 'అధికారిని కొట్టిన ఎమ్మెల్యే అనుచరుడి అరెస్టు' లాంటిది. అక్షరదోషం లేదు, వ్యాకరణం బాగానే ఉంది. కానీ కొట్టింది ఎవరు? తెల్లారేసరికి ఎమ్మెల్యే గారి మనుషులు ఫోన్లో ఉంటారు. 'అధికారిపై దాడి: ఎమ్మెల్యే అనుచరుడి అరెస్టు' అంటే గొడవే లేదు. వార్త రాసినవాళ్లకు ఈ తిరకాసు కనపడదు, విషయం ముందే తెలుసు కాబట్టి. అందుకే వార్త చూడని వాళ్లెవరికైనా హెడ్డింగ్ ఒక్కటే చదివి వినిపించు. వాళ్ల ముఖంలోనే తెలిసిపోతుంది.

'మృతుడి పరిస్థితి విషమం' చూసి రిపోర్టర్ని తిట్టకు. పొద్దున గాయపడ్డ మనిషి రాత్రికి పోతే పైన హెడ్డింగ్ మారుస్తాం, కింద చివరి పేరా మర్చిపోతాం. అప్‌డేట్ చేసిన వార్తను మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదవాల్సిందే. ఆఖరి నిమిషంలో యాడ్ వచ్చి పేజీ కదిలితే ఫొటోనూ క్యాప్షన్‌నూ కలిపి చూడు. లేదంటే బహుమతి గెలిచిన గేదె కింద కొత్త చైర్మన్ గారి పేరు పడుతుంది. (కొన్నిసార్లు పాఠకులు అభ్యంతరం చెప్పరనుకో.)

తప్పు పడితే మర్నాడే సవరణ వెయ్యి, టెండర్ నోటీసుల మధ్య దాచకు. అచ్చుతప్పులకు పేరుమోసి, పేరులోని అక్షరాలే తారుమారు చేసి 'గ్రానియాడ్' అని వెక్కిరింపులు పడ్డ బ్రిటన్ పత్రిక గార్డియన్ కూడా 1997 నుంచి సవరణలకు రోజూ చోటిస్తోంది.

ఇక శ్రద్ధాంజలి ప్రకటనలు. వాటిలో పేరు, ఫొటో తారుమారైతే ఎవరికీ నవ్వు రాదు. ఎంత రాత్రయినా సరే, ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి సరిచూసుకున్నాకే పేజీ వదులు.

మామయ్య