మార్పులు చేసిన పాత వాల్వ్ గిటార్ ఆంప్‌లో ఒక వాల్వు ఎర్రబడుతోంది, కొత్త వాల్వులు కొనాలా?

మీరు రాసింది ఇదీ: నాన్నగారి ఆంప్ 1970ల నాటి అమెరికా సెట్టు, మన 230 వోల్టుల్ని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నారు. ఇన్నేళ్లలో ముగ్గురు లోపల మార్పులు చేశారు. ఆన్ చేసిన పది నిమిషాలకు రెండు పవర్ వాల్వుల్లో (స్పీకర్‌ను నడిపే గాజు గొట్టాలు) ఒకటి ఎర్రబడుతోంది. కరీంనగర్‌లో చూపిస్తే వాల్వులు మార్చమన్నారు.

ఇప్పుడే కొనకండి. ఆంప్‌ని ఆన్ చేసి అలా వదిలేయకండి కూడా. వాల్వు ఎర్రగా కాలుతూ ఉంటే దానితో పాటు, వాల్వులకీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. వాల్వు మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం చాలా కష్టం.

సరిగ్గా ఇలాంటి ఆంప్ నా దగ్గరికి ఒకటి వచ్చింది. కాజీపేటలో రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయనది, ఆదివారం చర్చిలో వాయించేవారు. అప్పటికే రెండు జతల వాల్వులు కొన్నారు, రెండూ అలాగే ఎర్రబడ్డాయి. నేను హన్మకొండలో ఒక రేడియో షాపులో పని నేర్చుకున్నవాణ్ణి. ఆ అలవాటుతో ముందు డీసీని సాఫీ చేసే పాత ఫిల్టర్ కండెన్సర్లన్నీ మార్చాను. గుయ్‌మనే హమ్ తగ్గింది కానీ వాల్వు మాత్రం ఎర్రబడుతూనే ఉంది. పదిహేను రోజులు పోయాక గానీ నాకు తట్టలేదు, నెట్‌లో తీసిన సర్క్యూట్ డయాగ్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆంప్‌ది, నా బల్ల మీద ఉన్నది అది కాదని.

అప్పుడు లాంగ్ నోట్‌బుక్ తెచ్చుకుని, ఒక్కో వైరూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి ఉన్నదున్నట్టు గీశాను. రెండు సాయంత్రాలు పట్టింది. అసలు డయాగ్రం పక్కన పెట్టుకుని తేడా ఉన్నచోటల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. జబ్బంతా ఆ సున్నాల్లోనే ఉంది.

మొదటిది, అసలు ఆంప్‌లో ఉండాల్సినవి 6ఎల్6 వాల్వులు. ఎవరో వాటి స్థానంలో ఈఎల్34లు పెట్టారు. సాకెట్ ఒకటే కాబట్టి కూర్చుంటాయి. కానీ 6ఎల్6 హీటర్‌కు (వాల్వును వేడిచేసే లోపలి తీగ) 0.9 ఆంపియర్లు చాలు, ఈఎల్34కు 1.5 కావాలి. అంటే రెండింటికి 1.8 ఉన్నచోట 3 ఆంపియర్లు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కడానికి కారణం అదే. పైగా ఈఎల్34లో 1వ పిన్నును 8వ పిన్నుతో కలపాలి, అది కలపనే లేదు.

రెండోది అసలు దొంగ. రెండు వాల్వుల్నీ ఒకదాని సాకెట్‌లో ఒకటి మార్చి చూశాను. ఎరుపు వాల్వుతో పాటు వెళ్లలేదు, అదే సాకెట్ దగ్గర ఉండిపోయింది. అంటే వాల్వు తప్పు కాదు. వాల్వులో కరెంటును అదుపు చేసే మైనస్ వోల్టేజీ, అంటే బయస్, వచ్చేది 5వ పిన్నుకే. రెండు వాల్వులూ తీసేసి అక్కడ డీసీ కొలిస్తే ఒకవైపు మైనస్ 36 వోల్టులు, ఎర్రబడే వైపు మైనస్ 14 మాత్రమే. అదుపు తగ్గితే కరెంటు పెరిగి వాల్వు ఎర్రబడుతుంది. సిగ్నల్‌ని వదిలి డీసీని ఆపాల్సిన ఆ వైపు కప్లింగ్ కండెన్సర్ లీకవుతోంది. అది పాతది కాదు, మార్పు చేసినవాళ్లు వేసిన కొత్తది, 250 వోల్టులది. ఆంప్ నడుస్తున్నప్పుడు దాని మీద అంత ఒత్తిడి ఉండదు. కానీ ఆన్ చేసిన క్షణంలో వాల్వులు ఇంకా వేడెక్కవు, ఏసీని డీసీగా మార్చే డయోడ్లు మాత్రం వెంటనే పూర్తి వోల్టేజీ ఇచ్చేస్తాయి. ఆ ఆంప్‌లో అది 430 వోల్టులు, అవతల వైపు మైనస్ బయస్ అదనం. ఆన్ చేసిన ప్రతిసారీ ఆ చిన్న కండెన్సర్ దెబ్బ తింటూ వచ్చింది. కోఠి గుజరాతీ గల్లీ నుంచి 630 వోల్టులవి రెండు తెప్పించి రెండు వైపులా వేశాను. 6ఎల్6లు తిరిగి పెట్టి, కాథోడ్ దగ్గర 1 ఓమ్ రెసిస్టర్ వేసి, దాని మీద 35 మిల్లీవోల్టులు, అంటే 35 మిల్లీఆంపులు వచ్చేలా బయస్ సరిచేశాను. ఎర్రబడటం ఆగిపోయింది.

పెద్దాయన చేయించుకున్న మాస్టర్ వాల్యూమ్‌ని మాత్రం ముట్టుకోలేదు. అది బాగా పనిచేస్తోంది, ఆయన చేతికి అలవాటైంది. అసలు రూపానికి తేవాలనే పేరుతో మార్పులన్నీ తీసి పారేయడం నాకు నచ్చదు.

విప్పే ముందు ఒక్క మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ప్లగ్ పీకినా ఫిల్టర్ కండెన్సర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కండెన్సర్ ప్లస్‌కీ చాసిస్‌కీ (ఆంప్ లోహపు చట్రం) మధ్య పట్టించి ఖాళీ చేయండి, మీటర్‌లో సున్నాకు దగ్గరగా వచ్చాకే లోపల వేలు పెట్టండి. ఆన్‌లో ఉండగా కొలిచేటప్పుడు ఒక చెయ్యి వీపు వెనకే ఉండాలి. స్పీకర్ కలపకుండా ఎప్పుడూ ఆన్ చేయొద్దు. స్టెప్‌డౌన్‌కు ముందు సీరీస్‌లో 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టండి. ఒక్కసారి వెలిగి మసకబారితే సరే, అలాగే ధగధగ వెలుగుతుంటే లోపల షార్ట్ ఉంది. రెండు పిన్నుల పాత ప్లగ్ ఉంటే మూడు పిన్నులది వేసి చాసిస్‌కు ఎర్త్ ఇవ్వండి, మెయిన్స్ నుంచి చాసిస్‌కు ఉన్న చిన్న కండెన్సర్‌ని తీసేయండి. అది షార్టయితే గిటార్ తీగల్లోకి కరెంటు వస్తుంది, అమెరికాలో దానికి డెత్ క్యాప్ అనే పేరు ఊరికే రాలేదు.

వాల్వులు తీసేసి రెండు సాకెట్లలోనూ 5వ పిన్ను డీసీ ఎంతుందో, వాల్వుల మీద ఏ నంబరుందో, కప్లింగ్ కండెన్సర్ల మీద ఎన్ని వోల్టులని రాసుందో చెప్పండి. ఆ మూడూ తెలిస్తే తర్వాత ఏం విప్పాలో చెప్పగలను.