యాప్ రూపం మారింది, మిల్లీమీటర్లు ఎటు పోయాయి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే గోల. వాతావరణం యాప్ రాత్రికి రాత్రి మారిపోయింది, ఏదీ ఉన్నచోట లేదు అని. వడ్లు ఆరబోసి ఉన్నాయి, సాయంత్రం అయితే మొగులు పడుతోంది. అలాంటి వారంలో అప్‌డేట్ వస్తే కోపం రాకుండా ఎట్లా ఉంటుంది? మిగతా సందేహాలు వచ్చేసారి చూద్దాం. ఇవాళ వాన, ఎండల సంగతే.

ప్రశ్న: మాది సాగర్ ఎడమ కాలువ కింద పొలం. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి ఉన్నాయి. ఇన్నాళ్లు యాప్ తెరవగానే ఏ గంటకు ఎన్ని మిల్లీమీటర్లో వరుసగా కనిపించేది. అప్‌డేట్ అయ్యాక స్క్రీన్ నిండా కదిలే మబ్బుల బొమ్మ, దాని కింద 40 శాతం అని ఒక్క అంకె. పాత యాప్ మళ్లీ తెచ్చుకోవచ్చా?
- రైతు, హాలియా

ప్లే స్టోర్‌లో అయితే కుదరదు. అక్కడ కొత్త వెర్షనే దొరుకుతుంది. ప్లే స్టోర్ బయట నుంచి యాప్ వేసుకునే పాత ఫైళ్లు (ఏపీకే అంటారు) పెట్టే సైట్లు ఉన్నాయి గానీ, బ్యాంకు యాప్, ఫోన్‌పే ఉన్న ఫోన్‌లో ఎక్కడిదో తెలియని ఫైలు వేసుకోమని నేను చెప్పలేను. వేసుకున్నా గ్యారంటీ లేదు. అంకెలన్నీ కంపెనీ సర్వర్ నుంచే రావాలి. పాత వెర్షన్‌కు వాళ్లు డేటా ఆపేస్తే మీకు ఖాళీ స్క్రీన్ మిగులుతుంది. ఇక ముందు మీకు చెప్పకుండా మారకూడదంటే, ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి, పైన మూడు చుక్కలు నొక్కి, ఆటో అప్‌డేట్ దగ్గర టిక్ తీసేయండి.

మీ మిల్లీమీటర్లు చాలావరకు పోయి ఉండవు, లోపలికి జరిగి ఉంటాయి. ఆ 40 శాతం మీద గానీ, రోజు పేరు మీద గానీ నొక్కి చూడండి. లేదంటే బొమ్మను పైకి తోసి కిందిదాకా వెళ్లండి, గంటల వరుస అక్కడ ఉండొచ్చు. ఒకసారి సెట్టింగ్స్‌లో కొలతలు కూడా చూడండి. అప్‌డేట్‌తో అవి అంగుళాలకు మారిపోతే వాన 0.1 అని కనిపిస్తుంది, ఏం లేదులే అనుకుంటాం. అంగుళంలో పదో వంతు అంటే రెండున్నర మిల్లీమీటర్లు. ఆరబోసిన వడ్లు తడవడానికి అంత చాలు.

డిజైన్ చేసేవాళ్ల మీద నాకూ ఫిర్యాదు ఉంది. ఆఫీసుకు బయలుదేరినాయన గొడుగు పట్టుకోవాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న కోసమే ఈ కొత్త స్క్రీన్లు తయారవుతున్నట్టు ఉంటాయి. ఆయనకు శాతం సరిపోతుంది. 40 శాతం అంటే, ఇలాంటి పరిస్థితి పదిసార్లు వస్తే నాలుగుసార్లు మీరున్న చోట వాన పడుతుందని. ఎంత పడుతుందో, ఎంతసేపు పడుతుందో అందులో ఉండదు. వడ్లు పోసుకున్న మీకు రెండు మిల్లీమీటర్లు పడ్డా నష్టమే. వచ్చే నెల మిరుగు వచ్చి పత్తి గింజ పెట్టే రోజుల్లో ఆ రెండు మిల్లీమీటర్లు దేనికీ చాలవు. తేలిక నేలల్లో 50-60, బరువు నేలల్లో 60-75 మిల్లీమీటర్లు పడ్డాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే నెల తిరిగేసరికి అదే రైతు అదే యాప్‌ను వేరే ప్రశ్న అడుగుతాడు. రెండు ప్రశ్నలకూ జవాబు మిల్లీమీటర్లలోనే దొరుకుతుంది. దాన్ని రెండు నొక్కుల అవతల పెట్టి మబ్బుల బొమ్మను ముందుకు తెచ్చినవాళ్లు ఒక్క రోజు కొనుగోలు కేంద్రంలో కూర్చుంటే బాగుండేది.

యాప్‌లో మోస్తరు వర్షం అని రాసి ఉంటే తేలిగ్గా తీసుకోకండి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా మోస్తరే. 64.5 నుంచే భారీ అంటారు.

ఈ వారం గట్టెక్కడానికి వాతావరణ శాఖ వాళ్ల మేఘదూత్ వేసుకోండి. అందులో మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ సలహాలు వస్తాయి, తెలుగులోనూ ఉంటాయి. పిడుగులకు దామిని యాప్ ఉంది. మీ చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. లొకేషన్ ఆన్‌లో ఉంచాలి. చూడ్డానికి ఈ రెండూ అంత అందంగా ఉండవు, నాకైతే అదేమీ లోటనిపించలేదు. ఏ యాప్ వాడినా ఒకటి మరచిపోవద్దు. మే నెల సాయంత్రపు వాన ఒక ఊళ్లో దంచికొట్టి పక్క ఊరిని వదిలేస్తుంది. వాతావరణాన్ని అంచనా వేసే ప్రపంచ స్థాయి కంప్యూటర్ మోడళ్లు భూమిని సుమారు 9 నుంచి 13 కిలోమీటర్ల గడులుగా విడదీసి లెక్కగడతాయి. మన దేశం 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లు. ఒక గడి లోపల మీ కేంద్రం మీద పడుతుందా, అవతలి తండా మీద పడుతుందా అన్నది ఏ స్క్రీనూ చెప్పలేదు. యాప్ ఎండ చూపించినా టార్పాలిన్లు కుప్ప పక్కనే ఉండాల్సిందే.

ప్రశ్న: మా ఇంట్లో రెండు ఫోన్లలో ఒకటే యాప్, వెర్షన్ నంబరు కూడా ఒకటే. మా అబ్బాయి ఫోన్‌లో కొత్త రూపం వచ్చింది, నాది పాతదే. వాన శాతం కూడా తేడాగా ఉంది. నా ఫోన్‌లో ఏమైనా వైరస్ ఉందా?
- కిరాణా వ్యాపారి, నారాయణపేట

వైరస్ ఏమీ లేదు, టెన్షన్ పడకండి. కొత్త రూపం, పాత రూపం రెండూ ఒకే యాప్‌లో పెట్టి, ఎవరికి ఏది కనిపించాలో సర్వర్ దగ్గర స్విచ్ వేస్తారు. ముందు కొంతమందికి చూపించి, వాళ్లు వాడుతున్నారా, తిట్టి తీసేస్తున్నారా గమనించి, తర్వాత అందరికీ వదులుతారు. ఈసారి మీ అబ్బాయి ఆ కొంతమందిలో పడ్డాడు. ఇలాంటి మార్పును ఆటో అప్‌డేట్ ఆపినా ఆపలేం.

శాతం తేడాకు మాత్రం ముందు లొకేషన్ చూడండి. ఒక ఫోన్‌లో కచ్చితమైన లొకేషన్‌కు, ఇంకోదాంట్లో సుమారు లొకేషన్‌కు అనుమతి ఇచ్చి ఉండొచ్చు. రెండింట్లోనూ ఊరి పేరు మీరే టైప్ చేసి పోల్చండి. అప్పటికీ తేడా ఉంటే యాప్ అడుగున డేటా ఎవరిదో, ఎన్ని గంటలకు అప్‌డేట్ అయిందో రాసి ఉంటుంది, అది చూడండి. రూపంతో పాటు డేటా ఇచ్చేవాళ్లను కూడా మార్చే కంపెనీలు ఉన్నాయి. రూపం మారితే నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. డేటా మారితే మాత్రం పాత నమ్మకం పక్కన పెట్టి, కొన్నాళ్లు పరీక్షగా చూడాలి. దానికి తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంఘం వాళ్ల లెక్క పనికొస్తుంది. రాష్ట్రమంతా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెట్టి, ఎక్కడ ఎంత పడిందో వాళ్లు కొలుస్తారు. యాప్ ముందురోజు చెప్పిందీ, మీకు దగ్గరి కేంద్రంలో నిజంగా పడిందీ పక్కపక్కన పెట్టుకుంటే సంగతి తెలిసిపోతుంది.

ప్రశ్న: కొత్త డిజైన్ వచ్చాక మా ఊరికి వాన అంటుంది, బయట ఎండ మండిపోతోంది.
- టీచర్, మహబూబ్‌నగర్

పైన ఊరి పేరు పూర్తిగా చదివారా? మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో మహబూబాబాద్ అని ఉంది. రూపం మారినప్పుడు సేవ్ చేసిన ఊళ్లు పోయి మళ్లీ వెతికి ఉంటారు, మొదటి నాలుగు అక్షరాలకే యాప్ తొందరపడి ఉంటుంది. అక్కడ పడే వాన మీకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. దాన్ని తీసేసి, మ్యాప్ మీద మీ చోటు నొక్కి పెట్టుకోండి.

ప్రశ్న: ఇదివరకు యాప్‌లో పెద్ద అక్షరాలతో 42 అని వచ్చేది, పేపర్లోనూ అంతే ఉండేది. ఇప్పుడు 46 అని చూపిస్తోంది. భయపెట్టి ఎక్కువసేపు చూపించుకోవడానికేనా ఇదంతా?
- డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ

ఆ 46 పక్కనో కిందనో ఫీల్స్ లైక్ అని చిన్నగా రాసి ఉంటుంది. అంటే ఒంటికి ఎంత అనిపిస్తుందన్న అంచనా. పేపర్లో వచ్చేది థర్మామీటర్ చెప్పిన గాలి ఉష్ణోగ్రత. దాన్ని నీడలో, గాలి ఆడే తెల్లటి పెట్టెలో పెట్టి కొలుస్తారు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒంటికి వేడి ఎక్కువ అనిపిస్తుంది. ఆ లెక్క కలిపితే అంకె పెరుగుతుంది. పొడిగాలి వీచే రోజుల్లో ఇదే లెక్క అసలు ఉష్ణోగ్రత కంటే తక్కువ కూడా చూపించగలదు. ఒక్కో కంపెనీ సూత్రం ఒక్కో రకం, కొందరు ఎండను, గాలి వేగాన్నీ కలుపుతారు. అందుకే రెండు యాప్‌ల ఫీల్స్ లైక్ కలవదు.

పనికిరాని అంకె అనను. కూలి పనికి పోయేవాళ్లకు, బండి మీద తిరిగేవాళ్లకు అది అవసరమే. కానీ అంచనాను పెద్ద అక్షరాల్లో, కొలిచినదాన్ని చిన్న అక్షరాల్లో వేయడం నాకూ నచ్చలేదు. సెట్టింగ్స్‌లో రెండింటినీ తారుమారు చేసే వీలుందేమో చూడండి. లేకపోతే వాతావరణ శాఖ మౌసమ్ యాప్ చూసుకోండి.

ప్రశ్న: హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్ మధ్యాహ్నం కూడా పొద్దున ఉష్ణోగ్రతే చూపిస్తోంది.
- అచ్చంపేట

అప్‌డేట్ తర్వాత పాత విడ్జెట్లు ఇలా మొరాయిస్తాయి. తీసేసి కొత్తగా పెట్టండి. అయినా కదలకపోతే ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేయండి. రెడ్‌మీ, వివో లాంటి ఫోన్లలో ఆటోస్టార్ట్ కూడా ఆన్ చేయాలి.

ప్రశ్న: కొత్త మ్యాప్‌లో మా జిల్లా అంతా నారింజ రంగులో ఉంది. ఆరెంజ్ అలర్ట్ అని ఊరి గ్రూపులో పెట్టాను, అందరూ హడలిపోయారు. తీరా చూస్తే చినుకు లేదు.
- దేవరకొండ

ఆ రంగు ఉష్ణోగ్రతది అయి ఉంటుంది. వాతావరణ శాఖ ఇచ్చే ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు మనం ఎంత జాగ్రత్త పడాలో చెబుతాయి. ఆకుపచ్చకు హెచ్చరిక లేదు, పసుపుకు గమనిస్తూ ఉండాలి, నారింజకు సిద్ధంగా ఉండాలి, ఎరుపుకు వెంటనే కదలాలి. విండీ లాంటి యాప్‌ల మ్యాపుల్లో రంగు ఒక కొలత మాత్రమే. పైన వాన ఎంచుకుంటే వాన, వేడి ఎంచుకుంటే వేడి. ఏ రంగు ఎంతకు గుర్తో స్క్రీన్ మీదే ఒక పట్టీ ఉంటుంది, డిజైన్ మారినప్పుడల్లా ముందు అది చూడాలి. రంగులు తేడా తెలియనివాళ్లు ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి కలర్ కరెక్షన్ వాడుకోవచ్చు. ఇక గ్రూపులో పెట్టేది వాతావరణ శాఖ ప్రకటన అయితేనే అలర్ట్ అని రాయండి.

ప్రశ్న: మేమంతా కలిసి ఒక్క స్టార్ ఇస్తే కంపెనీ వాళ్లు పాత డిజైన్ తెస్తారా?
- కల్వకుర్తి

పాతది పాతట్టుగా తెచ్చినవాళ్లు తక్కువ. డార్క్ స్కై అని ఒక యాప్ ఉండేది. ఇంకెన్ని నిమిషాల్లో వాన మొదలవుతుందో చెబుతుందని అమెరికాలో దానికి వీరాభిమానులు. 2020 మార్చిలో యాపిల్ కొనేసింది. అదే ఏడాది ఆగస్టు 1న ఆండ్రాయిడ్‌లో ఆపేశారు, 2022 చివర్లో ఐఫోన్‌లోనూ ఆపేశారు. అందులోని పనులు కొన్ని యాపిల్ సొంత వెదర్ యాప్‌లోకి వచ్చాయి. జనం ఎంత మొత్తుకున్నా ఆ పాత స్క్రీన్ మాత్రం తిరిగి రాలేదు.

అయితే తీసేసిన ఒక అంకెను తిరిగి పెట్టడం వాళ్లకు చిన్న పని, దానికోసం అడగొచ్చు. చెత్త అప్‌డేట్ అని ఒక్క స్టార్ కొట్టి వదిలేస్తే ఏది చెత్తో వాళ్లకు తెలియదు. ఏం కనిపించడం లేదో, దాంతో మీకు ఏం పనో రాయండి. "గంటల వారీ మిల్లీమీటర్లు మొదటి స్క్రీన్‌లో లేవు, వడ్లు ఎప్పుడు కప్పాలో అది చూసే నిర్ణయిస్తాం" అన్నట్టు. ఫోన్ మోడల్, యాప్ వెర్షన్ కూడా చేర్చండి. యాప్ లోపల ఫీడ్‌బ్యాక్ ఉంటే అక్కడ పంపడం ఇంకా మేలు, స్క్రీన్‌షాట్ జత చేయొచ్చు. ఇంగ్లీషు రాదని ఆగకండి. ప్లే స్టోర్ రివ్యూలను కంపెనీ వాళ్లు అనువాదంలో చదువుకోగలరు.